ఖాళీ మూలకాలు: ఎక్స్‌ఎంఎల్ నుంచి వెబ్ పేజీ వరకు

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఖాళీ మూలకానికి, లేని మూలకానికి గల తేడాను వివరించగలుగుతారు.
• ఖాళీ మూలకం వల్ల లెక్కల్లో వచ్చే పొరపాటును సరిదిద్దగలుగుతారు.
• వెబ్ పేజీకి తగిన అవుట్‌పుట్ పద్ధతిని ఎంచుకోగలుగుతారు.

1.1 పరిచయం

పరీక్ష ఫలితాలను ఎక్స్‌ఎంఎల్ పత్రంలో భద్రపరచి, ఎక్స్‌ఎస్‌ఎల్‌టి స్టైల్‌షీట్ ద్వారా వెబ్ పేజీగా మార్చుతున్నాం అనుకుందాం. ఇందులో రెండు రకాల ఇబ్బందులు రావచ్చు. ఒకటి: ఒక విద్యార్థి మొత్తం మార్కుల చోట అంకెకు బదులు, 'సంఖ్య కాదు' అని అర్థమిచ్చే ఎన్ఏఎన్ అనే మూడు అక్షరాలు కనిపిస్తాయి. రెండు: పేజీ మొత్తం తెల్లగా వస్తుంది. రెండింటికీ కారణం ఖాళీ మూలకమే. అయితే మొదటి తప్పు దత్తాంశాన్ని చదివేటప్పుడు, రెండోది పేజీని రాసేటప్పుడు జరుగుతుంది. తప్పు ఏ దశలో జరిగిందో గుర్తించి, ఆ దశలోనే సరిచేయాలి.

1.2 ఖాళీ మూలకం అంటే ఏమిటి?

ఎక్స్‌ఎంఎల్‌లో మూలకాల పేర్లను తెలుగులోనూ రాయవచ్చు. కింది ఉదాహరణ చూడండి.

<విద్యార్థి సంఖ్య="101">
  <మార్కులు పేపరు="1">68</మార్కులు>
  <మార్కులు పేపరు="2"/>
  <మార్కులు పేపరు="3">54</మార్కులు>
</విద్యార్థి>

రెండో పేపరు మూలకంలో ఏమీ లేదు. దీన్నే <మార్కులు పేపరు="2"></మార్కులు> అని కూడా రాయవచ్చు. ఎక్స్‌ఎంఎల్ దృష్టిలో ఈ రెండు రూపాలూ ఒకటే. పత్రాన్ని చదివి వృక్షంగా నిర్మించిన తరవాత, మొదట ఏ రూపంలో రాశారో ఆ వృక్షంలో ఉండదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. 1.4లో దీని అవసరం వస్తుంది.

1.3 దత్తాంశంలో ఖాళీ

ఎక్స్‌పాత్ ప్రమేయాల పేర్లను ప్రోగ్రాములో ఆంగ్ల అక్షరాలతోనే రాయాలి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

'మార్కులు' అనే మూలకం ఉన్నదా అని పరీక్షిస్తే, అది ఖాళీగా ఉన్నా 'ఉన్నది' అనే జవాబు వస్తుంది. ఉండటం వేరు, అందులో విలువ ఉండటం వేరు. విలువ ఉన్నదో లేదో తెలుసుకోవడానికి 'నార్మలైజ్-స్పేస్' ప్రమేయాన్ని వాడాలి. ఇది ముందు వెనకల ఖాళీ జాగాలను తీసివేస్తుంది. ఆ తరవాత ఏ అక్షరమూ మిగలకపోతే పరీక్ష విఫలమవుతుంది. ట్యాగుల మధ్య ఖాళీ జాగాలో, కొత్త వరుసో మాత్రమే ఉన్న మూలకాన్ని కూడా ఇది ఖాళీగానే గుర్తిస్తుంది.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0లో 'సమ్' ప్రమేయం ప్రతి మూలకాన్నీ సంఖ్యగా మార్చి కూడుతుంది. ఖాళీని సంఖ్యగా మార్చితే ఎన్ఏఎన్ వస్తుంది. దానితో ఏ సంఖ్యను కూడినా ఫలితం ఎన్ఏఎన్ అవుతుంది. కాబట్టి విలువ ఉన్నవాటినే ఎంచుకుని కూడాలి:

సమ్(మార్కులు[నార్మలైజ్-స్పేస్()])

ఇప్పుడు 122 వస్తుంది. కానీ పని పూర్తయినట్లేనా? కాదు. ఆ విద్యార్థి పరీక్షకు రాలేదా, జవాబు పత్రం ఇంకా దిద్దలేదా, ఫలితాన్ని నిలిపివేశారా అనేది ఖాళీ మూలకం చెప్పదు. స్టైల్‌షీట్ దాన్ని ఊహించి సున్నా వేస్తే విద్యార్థికి అన్యాయం జరగవచ్చు. కారణాన్ని దత్తాంశంలోనే స్థితి="గైర్హాజరు" వంటి లక్షణంగా నమోదు చేయాలి. పేజీలో ఆ మాటనే చూపాలి.

1.4 వెబ్ పేజీలో ఖాళీ

హెచ్‌టిఎంఎల్‌లో మూలకాలు రెండు రకాలు. బిఆర్, హెచ్‌ఆర్, ఐఎంజి, ఇన్‌పుట్, మెటా, లింక్ వంటి వాటికి లోపల విషయం ఉండదు, ముగింపు ట్యాగూ ఉండదు. డివ్, స్క్రిప్ట్, టెక్స్ట్‌ఏరియా, టైటిల్ వంటి వాటికి లోపల ఏమీ లేకపోయినా ముగింపు ట్యాగు తప్పనిసరి.

సర్వర్ పేజీని హెచ్‌టిఎంఎల్‌గా పంపినప్పుడు, ఈ రెండో రకం ట్యాగు చివర ఉన్న గీతను బ్రౌజర్ లెక్కచేయదు. దాన్ని ప్రారంభ ట్యాగుగానే తీసుకుంటుంది. <డివ్/> అని ఉంటే, తరవాత వచ్చే భాగమంతా ఆ డివ్ లోపలికి చేరుతుంది. <స్క్రిప్ట్/> అని ఉంటే, ముగింపు ట్యాగు దొరికేవరకు వచ్చేదంతా ప్రోగ్రాముగా భావిస్తుంది. అందుకే పేజీ తెల్లగా కనిపిస్తుంది. దీనికి విరుద్ధంగా, బిఆర్‌కు ముగింపు ట్యాగు రాస్తే ఒకటికి బదులు రెండు వరుసలు విరుగుతాయి.

స్టైల్‌షీట్‌లో స్క్రిప్ట్‌కు ముగింపు ట్యాగు జాగ్రత్తగా రాసినా, అవుట్‌పుట్‌లో అది మాయమవుతుంది. కారణం 1.2లో చూశాం: వృక్షంలో రెండు రూపాలూ ఒకటే. ఏ రూపంలో రాయాలో చివర నిర్ణయించేది అవుట్‌పుట్ పద్ధతి. 'ఎక్స్‌ఎంఎల్' పద్ధతిలో చాలా ప్రాసెసర్లు పొట్టి రూపాన్నే రాస్తాయి. 'హెచ్‌టిఎంఎల్' పద్ధతిలో ప్రతి మూలకాన్నీ దాని రకానికి తగినట్లు రాస్తాయి. 2007లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 2.0లో 'ఎక్స్‌హెచ్‌టిఎంఎల్' పద్ధతి కూడా చేరింది.

ఒక హెచ్చరిక: ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0లో మూలకాలకు ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ నేమ్‌స్పేస్ ఇస్తే, 'హెచ్‌టిఎంఎల్' పద్ధతి ఎంచుకున్నా వాటిని ఎక్స్‌ఎంఎల్ మూలకాలుగానే రాస్తుంది. అప్పుడు నేమ్‌స్పేస్‌ను తొలగించాలి. అది వీలుకాకపోతే స్క్రిప్ట్ లోపల ఒక ఖాళీ జాగా ఉంచవచ్చు. అయితే స్టైల్‌షీట్‌లో ఊరికే వదిలిన ఖాళీ జాగాను ప్రాసెసర్ తీసివేస్తుంది. కాబట్టి దాన్ని 'టెక్స్ట్' అనే ఆదేశం లోపల రాయాలి.

1.5 సారాంశం

దత్తాంశంలో ఖాళీ ఉంటే దాని అర్థాన్ని దత్తాంశంలోనే నమోదు చేయాలి. లెక్కించే ముందు విలువ ఉన్నదో లేదో పరీక్షించాలి. పేజీలో ఖాళీ మూలకం ఉంటే అవుట్‌పుట్ పద్ధతిని సరిచూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో రెండో పేపరు మూలకాన్ని పూర్తిగా తొలగిస్తే, సమ్(మార్కులు) ఎంత వస్తుంది? ఎందుకు?
2. స్టైల్‌షీట్‌లో ఉన్న ముగింపు ట్యాగు అవుట్‌పుట్‌లో ఎందుకు కనిపించకపోవచ్చు?