యుద్ధం వేరు – యోధుడు వేరు

యుద్ధాన్ని నిర్ణయించేవారు వేరు, యుద్ధంలో ప్రాణాలొడ్డేవారు వేరు. పూర్వం రాజే సేనకు ముందు నిలిచి రథమెక్కేవాడు. నిర్ణయం తప్పయితే దాని ఫలితాన్ని తానూ అనుభవించేవాడు. ఆధునిక రాజ్యాలలో ఈ పరిస్థితి మారిపోయింది. ప్రజలెన్నుకొన్న ప్రభుత్వం రాజధానిలో నిర్ణయం తీసుకొంటుంది. వేలమైళ్ల దూరాన ఏ అడవిలోనో, ఏ ఎడారిలోనో సైనికుడు దానిని అమలు జరుపుతాడు. ఎక్కడికి పోవాలో, ఎవరితో పోరాడాలో నిశ్చయించుకొనే స్వేచ్ఛ అతనికి లేదు.

ఇటువంటి వ్యవస్థలో పౌరునికొక ధర్మసందేహం కలుగుతుంది. ప్రభుత్వం తలపెట్టిన యుద్ధం అన్యాయమైనదని గాని, అనవసరమైనదని గాని అతడు భావించినప్పుడు, ఆ యుద్ధానికి వెళ్లిన సైనికుని పట్ల అతని వైఖరి ఎలా ఉండాలి? దీనికి సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. యుద్ధం చెడ్డదైతే అందులో పాల్గొన్నవాడూ దోషియే అనేది మొదటిది. సైనికుడు రణరంగంలో ఉండగా యుద్ధాన్ని ప్రశ్నించడమే ద్రోహమనేది రెండవది. పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపించే ఈ రెండు వాదాలలోనూ ఉన్న లోపం ఒక్కటే. రెండూ యుద్ధాన్నీ యోధుణ్ణీ వేరుచేసి చూడలేకపోయాయి. ఈ పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం ఎంతటిదో వియత్నాం యుద్ధకాలపు అమెరికా చరిత్ర తెలియజేస్తుంది.

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో తమ నౌకలపై ఉత్తర వియత్నాం రెండు పర్యాయాలు దాడి చేసిందని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కోరిన సైనికాధికారాలను ఆగస్టు 7న కాంగ్రెస్ ఆయనకు కట్టబెట్టింది. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలంగా ఓటు వేయగా, వ్యతిరేకించినవారు ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మంది సమర్థించగా వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్ అనే ఇద్దరు మాత్రమే కాదన్నారు. 1968 ఎన్నికలలో ఆ ఇద్దరూ తమ పదవులు కోల్పోయారు. రెండవ దాడి అసలు జరగనేలేదని తరువాతి కాలంలో తేలింది. ఈలోగా 1965 మార్చిలో దానాంగ్ తీరాన మెరీన్ దళాలు దిగాయి. 1969 నాటికి వియత్నాంలో అమెరికా సైనికుల సంఖ్య 5,40,000 దాటింది. అడగవలసిన ప్రశ్నలు అడగవలసిన సమయంలో వినిపించకపోతే నష్టపోయేది మొట్టమొదట సైనికుడేనని ఈ ఘట్టం నిరూపిస్తున్నది.

ఆ సైనికులందరూ తమంతట తాము వెళ్లినవారు కారు. నిర్బంధ సైనిక సేవా చట్టం వారిలో అనేకులను యుద్ధభూమికి పంపింది. కళాశాలలో చదువుతున్నవారికి వాయిదా కోరే అవకాశముండేది. అందువల్ల చదువుకొనే స్తోమత లేని పేదల బిడ్డలపై భారం అధికంగా పడింది. 1969 డిసెంబరు 1న పుట్టిన తేదీలను చీట్లుగా తీసి, ఎవరు ముందు వెళ్లాలో నిర్ణయించే పద్ధతి ఆరంభమైంది. పుట్టిన రోజును బట్టి రణరంగానికి పోయిన యువకుణ్ణి ఆ యుద్ధానికి కర్తగా భావించడం ఎంతవరకు న్యాయం?

యుద్ధం సాగేకొద్దీ దేశమంతటా నిరసన పెల్లుబికింది. 1970 మే 4న ఒహాయో రాష్ట్రంలోని కెంట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు దళాలు జరిపిన కాల్పులలో నలుగురు విద్యార్థులు మరణించారు. ఆ ఆగ్రహంలో కొంత, యుద్ధాన్ని తలపెట్టినవారిని దాటి, యుద్ధం నుంచి తిరిగివచ్చినవారి మీదికి మళ్లింది. సైనికులు ఏడాది గడువు ముగియగానే ఒక్కొక్కరుగా ఇల్లు చేరేవారు. వారికోసం మేళతాళాలు లేవు, ఊరేగింపులు లేవు. వారిపై ఉమ్మివేశారన్న కథలు తరువాత ప్రచారంలోకి వచ్చాయి. అవి ఎంతవరకు నిజమన్న విషయంలో పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. అయితే ఆ యువకులను అంతకన్న ఎక్కువగా బాధించినది సమాజపు మౌనం. యుద్ధాన్ని సమర్థించినవారు ఓటమిని మరచిపోవాలనుకొన్నారు; వ్యతిరేకించినవారు ఆ యుద్ధాన్నే మరచిపోవాలనుకొన్నారు. ఉభయులూ మరచిపోయినది సైనికుణ్ణి.

సైనికుణ్ణి గౌరవించడమంటే అతడు చేసిన ప్రతి పనినీ సమర్థించడం కాదు. 1968 మార్చి 16న మైలాయ్ గ్రామంలో అమెరికా సైనికులు వందలాది నిరాయుధ గ్రామస్థులను చంపారు. వారిలో స్త్రీలు, వృద్ధులు, పసిబిడ్డలు ఉన్నారు. ఆనాడే హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ చోదకుడు తన విమానాన్ని సైనికులకూ గ్రామస్థులకూ నడుమ దించి, కొందరి ప్రాణాలు కాపాడాడు. మొదట నిందలు మోసిన ఆ వ్యక్తిని, అతని సహచరులనిద్దరినీ 1998లో ప్రభుత్వం పతకాలతో సత్కరించింది. ఒకే సేన, ఒకే దినం, ఒకే గ్రామం. అయినా ఒకరు చేసినది ఘోరం, మరొకరు చేసినది ధర్మం. యుద్ధ నిర్ణయానికి సైనికుడు బాధ్యుడు కాకపోవచ్చు గాని, తన ప్రవర్తనకు మాత్రం తానే బాధ్యుడు. ఈ భేదాన్ని విస్మరిస్తే థాంప్సన్ వంటివారికి అన్యాయం చేసినట్లవుతుంది.

యుద్ధాన్ని వ్యతిరేకించినవారిలో సైనికులు కూడా ఉండేవారన్నది గమనింపదగిన విషయం. వియత్నాంలో పోరాడి వచ్చినవారు 1967లోనే యుద్ధ వ్యతిరేక సంఘాన్ని స్థాపించుకొన్నారు. 1971 ఏప్రిల్‌లో వందలాది మాజీ సైనికులు వాషింగ్టన్‌లో కాంగ్రెస్ భవనం ఎదుట తమ పతకాలను విసరివేశారు. యుద్ధాన్ని ప్రశ్నించడం సైనికునికి ద్రోహం చేయడమే అయితే, వీరు తమకు తామే ద్రోహం చేసుకొన్నారనవలసి వస్తుంది. ఆ వాదం నిలిచేది కాదు.

యుద్ధం ముగిసిన తరువాత అమెరికా సమాజం క్రమంగా కళ్లు తెరిచింది. 1982 నవంబరులో వాషింగ్టన్ నగరంలో వియత్నాం సైనికుల స్మారకాన్ని ఆవిష్కరించారు. మాయా లిన్ అనే యువతి 21 ఏళ్ల విద్యార్థినిగా ఉన్నప్పుడే దానికి రూపకల్పన చేసింది. నేలలోకి దిగినట్లుండే రెండు నల్లరాతి గోడలపై నేడు 58,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. పేర్ల ప్రక్కన హోదాలు లేవు. ప్రాణాలు కోల్పోయిన కాలక్రమంలో అవి వరుసగా కనిపిస్తాయి. యుద్ధం న్యాయమా, అన్యాయమా అన్న మాట ఆ గోడపై ఎక్కడా లేదు. యుద్ధాన్ని సమర్థించినవారూ, వ్యతిరేకించినవారూ అక్కడ ప్రక్కప్రక్కనే నిలబడి తమవారి పేర్లను చేతితో తడిమి చూసుకొంటారు. ఇరవై ఏళ్ల వాదోపవాదాలు సాధించలేని సమన్వయాన్ని ఆ రాతిగోడ సాధించింది. వియత్నాం ప్రజల ప్రాణనష్టం దీనికి అనేక రెట్లు ఎక్కువ. వారి పేర్లకు అక్కడ చోటు లేదన్న సంగతిని కూడా మరువరాదు.

1980లో వైద్యశాస్త్రం యుద్ధానంతర మానసిక వ్యాధిని అధికారికంగా గుర్తించింది. అడవుల ఆకులు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం వల్ల రోగగ్రస్తులైనవారికి పరిహారమిచ్చే చట్టం 1991లో వచ్చింది. యుద్ధాన్ని నడిపిన రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారా 1995లో వెలువరించిన గ్రంథంలో, తాము పొరపాటు చేశామని స్వయంగా ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలు వినడానికి గోడమీది పేర్లవారెవరూ లేరు.

2003లో ఇరాక్ యుద్ధం ఆరంభమైనప్పుడు ఈ అనుభవం కొంత ఉపకరించింది. యుద్ధాన్ని వ్యతిరేకించినవారు కూడా సైనికుణ్ణి నిందించకుండా జాగ్రత్త వహించారు. కాని ఈసారి రెండవ పొరపాటు తలెత్తింది. ‘సైనికులకు అండగా నిలవండి’ అన్న నినాదం కొందరి చేతిలో ప్రశ్నించేవారి నోరు మూయించే సాధనమైంది. ఏ మారణాయుధాలున్నాయని చెప్పి యుద్ధానికి దిగారో అవి దొరకనేలేదు. ఇంటింటా ఆ నినాదం వెలసిన దేశంలోనే, గాయపడి వచ్చిన సైనికులను రాజధానిలోని ప్రధాన సైనిక వైద్యశాల పరిసరాలలో శిథిలమైన గదులలో ఉంచారని 2007లో పత్రికలు వెల్లడించాయి. నినాదం చేసినంత మాత్రాన గాయం మానదు.

భారతదేశానికీ ఇటువంటి అనుభవముంది. 1987 జూలై 29న కుదిరిన భారత-శ్రీలంక ఒప్పందం ననుసరించి మన శాంతి పరిరక్షక దళం శ్రీలంకకు వెళ్లింది. శాంతిని కాపాడడానికి పోయిన దళం అక్టోబరు నాటికి తమిళ పులులతో యుద్ధంలో చిక్కుకొన్నది. ఆ ఏడు నవంబరు 25న ప్రాణాలర్పించిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీరచక్ర లభించింది. 1990 మార్చిలో చివరి దళం వెనుదిరిగేనాటికి దాదాపు 1,200 మంది భారత సైనికులు అసువులు బాసారు. తమిళ ప్రజలపై పోరాడిన సేన అన్న కారణంతో, తిరిగివచ్చిన దళాల స్వాగత సభకు నాటి తమిళనాడు ముఖ్యమంత్రి హాజరు కాలేదు. ఆ విధానాన్ని విమర్శించే హక్కు ఆయనకే కాదు, పౌరులందరికీ ఉంది. అయితే ఆ విధానాన్ని రూపొందించినవారు ఆ నౌకలలో రాలేదు. నౌకలు దిగినది ఆజ్ఞను పాలించినవారు మాత్రమే. ఆ అమరవీరులకు కొలంబో సమీపంలో శ్రీలంక స్మారకం నిర్మించింది. మన దేశ రాజధానిలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో గాని రూపుదిద్దుకోలేదు.

ఈ వివేకం భారతీయ సాహిత్యానికి కొత్త కాదు. మహాభారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వచ్చి రాజధర్మాన్ని గురించి అనేక ప్రశ్నలు వేస్తాడు. సేనకు జీతభత్యాలు సకాలంలో ఇస్తున్నావా అని అడుగుతాడు. నీకోసం పోరాడి మరణించినవారి భార్యలను పోషిస్తున్నావా అని కూడా అడుగుతాడు. వారు పాల్గొన్నది ఎటువంటి యుద్ధమని మాత్రం అడగడు. యుద్ధానంతరం ధర్మరాజు ఉభయ పక్షాల మృతులకూ, దిక్కులేనివారికీ అంత్యక్రియలు జరిపించిన తీరును స్త్రీపర్వం వర్ణిస్తుంది. అదే ధర్మరాజు ఆ యుద్ధాన్ని తలచుకొని శాంతిపర్వంలో కుమిలిపోతాడు. యుద్ధం పట్ల దుఃఖం, యోధుల పట్ల కర్తవ్యం ఒకే హృదయంలో ఇమడగలవని వ్యాసమహర్షి ఏనాడో నిరూపించాడు.

కాబట్టి సైనికునికి సమాజం చెల్లించవలసిన ఋణం మూడు విధాలు. పంపేముందు ఈ యుద్ధం అవసరమా అని నిర్భయంగా ప్రశ్నించడం మొదటిది. పోరాడుతున్నంతకాలం అతని ధర్మాధర్మాలను సత్యదృష్టితో చూడడం రెండవది. తిరిగివచ్చిన తరువాత అతనినీ, రానివారి కుటుంబాన్నీ ఆదుకోవడం మూడవది. మొదటి ఋణం తీర్చేవారిని ద్రోహులనడం గాని, మూడవ ఋణం తీర్చడానికి యుద్ధ ఫలితాన్ని లెక్కచూడడం గాని వివేకం కాదు. సభలో నిర్ణయం జరిగేవేళ నోరు విప్పేవారు లేకపోతే, ఆ మౌనపు వెల రేపు ఏదో ఒక పల్లెలో ఒక తల్లి చెల్లించవలసి వస్తుంది.