ఇల్లు కదిలితే ఎంత బండి కావాలి?

ప్రయాణం పోతూ ఇంటిని కూడా వెంట తీసుకుపోగలిగితే ఎంత బాగుంటుంది! ఆకలైనచోట పొయ్యి వెలిగించుకోవచ్చు. నిద్ర వచ్చినచోట నడుం వాల్చవచ్చు. పడక, వంటగది, నీళ్ళతొట్టి అన్నీ అమర్చిన మోటారు బండ్లు ఇప్పుడు మన దేశపు రోడ్లమీద కూడా తిరుగుతున్నాయి. వీటిని కారవాన్లు అంటారు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ల కోసం ప్రత్యేకంగా ఒక పర్యాటక విధానాన్నే ప్రకటించింది.

అయితే బండిలో కాపురం మనకు కొత్తేమీ కాదు. జనగామ జిల్లా తరిగొప్పుల చుట్టుపక్కల ఊళ్ళలో ముసలివాళ్ళను అడిగి చూడండి, వెనుకటి రోజుల్లో మేడారం జాతరకు ఎలా పోయేవారో! రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క-సారలమ్మ జాతరకు కుటుంబాలు ఎడ్లబండ్లు కట్టుకొని బయలుదేరేవి. బండిపైన వెదురుబద్దలతో గూడు, లోపల వరిగడ్డి పరుపు, ఒక మూల బియ్యం, వంటగిన్నెలు, బండి కింద వేలాడే లాంతరు. అదే వారి కారవాన్. కలిగినవారికి ప్రత్యేకంగా చేయించుకొన్న సవారి కచ్చురం ఉండేది.

తరిగొప్పుల నుండి మేడారం 150 కిలోమీటర్లకు పైమాటే. ఎడ్లు గంటకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున రోజుకు ఏడు గంటలు నడిచాయనుకొన్నా, పోవడానికే ఆరేడు రోజులు పడుతుంది. అన్ని రోజులు బండిలో ఉండాలంటే బండి ఎంత పెద్దదైతే అంత సుఖం కదా అని మీరనవచ్చు. మరి మనవాళ్ళు ఎందుకు పెద్ద బండ్లు చేయించుకోలేదు? డబ్బు లేకనేనా? కాదు. దీని వెనుక మంచి భౌతికశాస్త్రం ఉంది. లెక్క కట్టి చూద్దామా?

లాగే బలం ఎంత?

ఒక్కొక్కటి 400 కిలోలు తూగే మంచి ఎడ్ల జత ఉందనుకొందాం. పశువు గంటల తరబడి అలసిపోకుండా లాగగలిగే బలం దాని బరువులో సుమారు పదోవంతు. అంటే ఈ జత నిలకడగా 80 కిలోల బలంతో లాగుతుంది. సెకనుకు ఒక మీటరు నడకతో చూస్తే ఇది ఒక అశ్వశక్తికి కాస్త ఎక్కువ.

ఇప్పుడు బండి సంగతి. ఖాళీ బండి 350 కిలోలు, ఆరుగురు మనుషులు 300 కిలోలు, సామాను, మేత కలిపి 150 కిలోలు. మొత్తం 800 కిలోలు. ఇంత బరువును ఎడ్లు ఎత్తనక్కరలేదు, దొర్లిస్తే చాలు. దొర్లించడానికి ఎంత బలం కావాలనేది నేలను బట్టి ఉంటుంది. గట్టి రోడ్డుమీద బరువులో నూటికి మూడు వంతులు చాలనుకొంటే 24 కిలోల బలం సరిపోతుంది. వదులు మట్టిబాటలో పదోవంతు కావాలనుకొంటే 80 కిలోలు. మన ఎడ్ల శక్తి అక్కడికి సరిగ్గా సరి! వాగు ఇసుకలో చక్రం దిగబడి అయిదోవంతు కావలసివస్తే 160 కిలోలు. అంటే శక్తికి రెట్టింపు. కొద్ది క్షణాలు తప్ప అంత బలంతో లాగడం ఎడ్లవల్ల కాదు.

వాగు రాగానే బండి తోలేవాడు "అందరూ దిగండి!" అని ఎందుకు కేక వేసేవాడో ఇప్పుడు అర్థమైంది కదూ? మనుషులు దిగితే బండి బరువు 500 కిలోలకు, కావలసిన బలం 100 కిలోలకు తగ్గుతుంది. ఇద్దరు వెనుకనుండి నెట్టితే బండి గట్టెక్కుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు మరో భారం. 20 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు పెరిగే వాలులో, బరువులో ఇరవయ్యోవంతు, అంటే 40 కిలోలు, అదనంగా లాగాలి.

ఇక బండి పొడవు, వెడల్పు, గూటి ఎత్తు మూడింటినీ ఒకటిన్నర రెట్లు పెంచామనుకోండి. లోపలి చోటు ఎంత పెరుగుతుంది? ఒకటిన్నర రెట్లు కాదు. 1.5 × 1.5 × 1.5, అంటే దాదాపు 3.4 రెట్లు! చోటు ఉంటే సామాను దానంతటదే వచ్చి చేరుతుంది. ఎడ్లు మాత్రం అవే రెండు. అందుకే బండి పరిమాణాన్ని ఎడ్ల మెడలే నిర్ణయించాయి.

పాపం, ఆ మూగజీవాలు "ఇక చాలు" అని చెప్పలేవు. అందుకే మన దేశంలో 1965లో చేసిన నిబంధనల ప్రకారం బండి లాగే పశువుచేత రోజుకు 9 గంటలకు మించి, ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు అసలే కట్టరాదు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు తొలి డైరెక్టరైన ఎన్.ఎస్. రామస్వామి 1970లలో ఎడ్లబండిపై శ్రద్ధగా అధ్యయనాలు సాగించారు. కాడిని, చక్రాలను మెరుగుపరిస్తే ఎడ్ల కష్టం ఎంతో తగ్గుతుందని ఆయన చాటిచెప్పారు.

ఇరుసుకు ముందా, వెనుకా?

బరువు ఎంత అన్నది ఒక్కటే ముఖ్యం కాదు. ఎక్కడ పెట్టామన్నది కూడా చూడాలి. రెండు చక్రాల బండి ఒక తులాదండం వంటిది. ఇరుసు దాని ఆధారం. 60 కిలోల మనిషి ఇరుసుకు ఒక మీటరు వెనుక కూర్చున్నాడనుకోండి. ఇరుసుకు 3 మీటర్లు ముందున్న కాడి 20 కిలోల బలంతో పైకి లేస్తుంది. 60 × 1 = 20 × 3 కదా! వెనుక బరువు మరీ ఎక్కువైతే కాడి లేచి, పలుపుతాళ్ళు ఎడ్ల గొంతుకు బిగుసుకొంటాయి. ముందు బరువు ఎక్కువైతే మెడలు నలిగిపోతాయి. బండి పొడవైనకొద్దీ ఈ తూకం తప్పే ప్రమాదం కూడా ఎక్కువ.

దారిలో దొరికేది మోయనక్కరలేదు

ఒక ఎద్దు రోజుకు సుమారు 35 లీటర్ల నీళ్ళు తాగుతుందనుకొందాం. రెంటికీ కలిపి ఏడు రోజులకు 490 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో. అంటే అర టన్ను! ఈ నీళ్ళు బండిలో మోస్తే మనుషులకు చోటెక్కడిది?

అందుకే బాటసారులు చెరువు నుండి చెరువుకు మజిలీలు వేసుకొనేవారు. ములుగు వైపు కాకతీయుల కాలంనాటి రామప్ప చెరువు, లక్నవరం చెరువు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ప్రాంతమంతటా చిన్న కుంటలు ఎన్నో. ఊరి చెరువే నీళ్ళతొట్టి, చింతచెట్టు నీడే వసారా, చేలగట్లే వంటిల్లు. దారి ఇచ్చేది ఎంత ఎక్కువైతే బండి అంత చిన్నదిగా ఉండవచ్చునన్నమాట.

ఎడ్లు పోయి ఇంజను వచ్చింది

1982లో ఎన్.టి. రామారావు పార్టీ స్థాపించి, ఒక పాత షెవర్లె వ్యానును మార్పించి, "చైతన్య రథం" అని పేరుపెట్టి ఆంధ్రప్రదేశ్ అంతటా తిరిగారు. ఆ ప్రయాణంలో తిండీ నిద్రా చాలావరకు దారిలోనే సాగాయి. ఇంజను ఉంటే ఎంత బరువైనా లాగవచ్చు కదా, ఇక పరిమాణంతో పనేముంది అనిపిస్తుంది. కాని ఎడ్ల మెడలకు ఉన్న హద్దే ఇప్పుడు ఇరుసులకు, టైర్లకు, బ్రేకులకు వచ్చింది.

ప్రతి మోటారు బండికీ సామానుతో సహా మించరాని మొత్తం బరువు ఒకటి నిర్ణయించి ఉంటుంది. అది 3,500 కిలోలనుకొందాం. ఖాళీ బండి 2,400. పడకలు, అలమరలు, పొయ్యి 500. మిగిలింది 600. నలుగురు మనుషులు 240. మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్ళు 240. ఇక మిగిలింది 120 కిలోలే! బట్టలు, బియ్యం, గ్యాసు సిలిండరు అన్నీ అందులోనే ఇమడాలి. నీళ్ళు రోజూ నింపుకొనే వీలుంటే 80 కిలోలు చాలు. ఒక్కసారిగా 160 కిలోలు కలిసివస్తాయి. బండి కొనబోయేవారు లోపల ఎన్ని పడకలున్నాయని మొదట అడుగుతారు. అసలు అడగవలసిన ప్రశ్న, అన్నీ అమర్చాక ఇంకా ఎన్ని కిలోలు మోయగలదని.

మలుపు తిరుగుతుందా?

ముందు చక్రాలు 30 డిగ్రీలు తిరుగుతాయనుకొందాం. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని సైన్ 30తో, అంటే అరతో, భాగిస్తే ముందు చక్రం గీసే వలయపు వ్యాసార్థం వస్తుంది. ఇరుసుల మధ్య 3 మీటర్లుంటే 6 మీటర్లు. 4 మీటర్లుంటే 8 మీటర్లు. పట్టణంలో హాయిగా తిరిగిన బండి పల్లె సందులో చిక్కుకొనేది ఇందుకే.

మన పల్లెలకు పోయే ఒంటివరుస తారురోడ్లు సాధారణంగా 3 లేక 3.75 మీటర్ల వెడల్పు ఉంటాయి. మీ బండి 2.2 మీటర్లు, ఎదురొచ్చే ట్రాక్టరు 1.8 మీటర్లు అనుకొంటే మొత్తం 4 మీటర్లు. ఎవరో ఒకరు మట్టిలోకి దిగక తప్పదు. బండి ఎత్తైనకొద్దీ దాని గరిమనాభి కూడా పైకి పోతుంది. అలా రోడ్డు దిగినప్పుడు పక్కకు ఒరిగే భయం ఎక్కువ.

మీరే లెక్క కట్టండి

మీ కుటుంబం మూడు రోజుల ప్రయాణం పోతుందనుకోండి. ఒక కాగితంమీద తీసుకుపోయే వస్తువులన్నీ రాయండి. ఒక్కొక్కదాన్ని తూచి బరువు వేయండి. మనుషుల బరువు, నీళ్ళ బరువు మరవకండి. తరువాత దారిలో దొరికేవాటిని కొట్టివేయండి. మిగిలిన మొత్తమే మీకు కావలసిన బండి ఎంతో చెబుతుంది. మీ ఊళ్ళో ఇంకా ఎడ్లబండి ఉంటే దాని చక్రాల ఎత్తు, ఇరుసు నుండి కాడి వరకు దూరం కొలవండి. దాన్ని చేసిన వడ్రంగి మన సూత్రాలను ఏ పుస్తకంలోనూ చదివి ఉండకపోవచ్చు. ఆయన కొలతలు మీ లెక్కకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి!