రత్నాల విలువ కట్టడం – అమ్మకం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రత్నం విలువను నిర్ణయించే అంశాలను వివరించగలుగుతారు.
• గ్రాములు, క్యారెట్లు, రత్తులలో చెప్పిన బరువులను పోల్చగలుగుతారు.
• రాయిని అమ్మే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను తెలుపగలుగుతారు.

1. పరిచయం

కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి, అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు పేర్లు మీరు వినే ఉంటారు. తొలకరి వానలకు అక్కడి పొలాల్లో పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి. రైతులు, కూలీలు, దూరప్రాంతాల నుంచి వచ్చినవారు పగలంతా నేలను వెదుకుతారు. ఎవరికైనా వజ్రం దొరికితే అది చాలాసార్లు స్థానిక వ్యాపారి చేతికి చేరుతుంది. అతడు కొంత నగదు, కొన్ని తులాల బంగారం ఇచ్చి రాయిని తీసుకుంటాడు. ఆ రాయి బరువెంతో, సానపెడితే ఎంత మిగులుతుందో వ్యాపారికి తెలుసు. దొరికినవారికి తెలియదు. ఈ తేడా వల్లనే అమ్మేవారు నష్టపోతారు. కాబట్టి రత్నానికి విలువ ఎలా కడతారో తెలుసుకుందాం.

2. రత్నాలు, ఉపరత్నాలు

వజ్రం, కెంపు, నీలం, పచ్చ, ముత్యం మొదలైనవాటిని మనవారు నవరత్నాలలో చేర్చారు. స్ఫటికం, చంద్రకాంత శిల, అమెథిస్ట్ వంటివి ఉపరత్నాలు. రత్నపరీక్ష మన దేశంలో పాత విద్యే. కౌటిల్యుని అర్థశాస్త్రంలోను, వరాహమిహిరుని బృహత్సంహితలోను రత్నాల గుణదోషాల వివరణ ఉంది.

పేరును బట్టి మాత్రమే విలువ రాదు. మచ్చలు నిండిన కెంపు కన్నా మేలిరకం ఉపరత్నం ఎక్కువ ధర పలకవచ్చు.

3. విలువను నిర్ణయించే నాలుగు అంశాలు

(అ) బరువు: రత్నాలను క్యారెట్లలో తూస్తారు. 1 క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు; 5 క్యారెట్లు 1 గ్రాము. పూర్వం గురివింద గింజతో తూచేవారు. ఆ తూకమే రత్తి. నేటికీ రత్తి వాడుకలో ఉంది కాని అది అంతటా ఒకటి కాదు. రత్నవ్యాపారంలో రత్తిని తరచుగా 0.91 క్యారెట్‌గా లెక్కిస్తారు. పాత కంసాలి రత్తి సుమారు 0.6 క్యారెట్ మాత్రమే. అంటే 5 రత్తులు ఒకచోట 4.55 క్యారెట్లు, మరొకచోట సుమారు 3 క్యారెట్లు! అందువల్ల బరువును క్యారెట్లలోనే అడగాలి, క్యారెట్లలోనే చెప్పాలి.

(ఆ) రంగు: తెల్లని వజ్రం ఎంత వర్ణరహితంగా ఉంటే అంత విలువ. పసుపు ఛాయ పెరిగే కొద్దీ ధర తగ్గుతుంది. అయితే గాఢమైన గులాబి, నీలం రంగుల వజ్రాలు అరుదు కాబట్టి వాటి ధర చాలా ఎక్కువ. కెంపు, నీలం, పచ్చలకు రంగే ప్రధానం.

(ఇ) స్వచ్ఛత: రాయి లోపలి మచ్చలు, పగుళ్లను పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరీక్షిస్తారు.

(ఈ) సాన: కోణాలు సరిగా కుదిరితేనే రాయిలో ప్రవేశించిన వెలుగు తిరిగి కంటికి చేరుతుంది. సానపెట్టేటప్పుడు ముడి వజ్రం సాధారణంగా సగం బరువును, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువను కోల్పోతుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని గమనించండి. బరువు రెట్టింపైతే ధర రెట్టింపు కాదు. అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. 17వ శతాబ్దంలో మన గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, వజ్రం ధరను బరువు వర్గాన్ని బట్టి లెక్కించే పద్ధతిని తన గ్రంథంలో వివరించాడు. దాని ప్రకారం 1 క్యారెట్ వజ్రం ధర ఒక వంతు అనుకుంటే, అదే రకం 3 క్యారెట్ల వజ్రం ధర 3 × 3 = 9 వంతులు. నేటి ధరలు సరిగ్గా ఈ సూత్రం ప్రకారం ఉండవు. కాని పెద్ద రాయికి క్యారెట్ ధర పెరుగుతుందన్న మాట ఇప్పటికీ నిజమే. పెద్ద రాయికి చిన్న రాయి లెక్కన క్యారెట్‌కు ఇంత అని బేరమాడితే, అమ్మేవారు ఎంత నష్టపోతారో ఊహించండి.

4. రాయి ఏదో తెలుసుకోవడం

మెరిసే ప్రతి రాయి వజ్రం కాదు. వజ్రం సాపేక్ష సాంద్రత 3.52, స్ఫటికానిది 2.65. గాలిలో 1.20 గ్రాములు తూగే వజ్రం నీటిలో సుమారు 0.86 గ్రాములు తూగుతుంది. అంతే బరువున్న స్ఫటికం నీటిలో సుమారు 0.75 గ్రాములే తూగుతుంది. ఈ పరీక్షతో స్ఫటికాన్ని వేరు చేయవచ్చు. కాని తెల్లని టోపాజ్ సాంద్రత వజ్రానికి దగ్గరగా ఉంటుంది. ప్రయోగశాలలో తయారైన వజ్రం సాంద్రత గని వజ్రంతో సమానమే. దాని ధర మాత్రం చాలా తక్కువ. ఈ తేడాను పరికరాలున్న పరీక్షాశాల మాత్రమే తేల్చగలదు.

వజ్రాన్ని సుత్తితో కొట్టి పరీక్షించరాదు. వజ్రం గీతకు లొంగదు గాని దెబ్బకు చీలుతుంది. ఈ అపోహ వల్ల మంచి రాళ్లు పాడవుతాయి.

రంగురాళ్ల విషయంలో మరొక ప్రశ్న ఉంది: ఆ రంగు సహజమా? శ్రీలంకలో దొరికే పాలవంటి గ్యూడా రాళ్లను కొలిమిలో అధిక ఉష్ణోగ్రతకు వేడిచేస్తే నీలి రంగు వస్తుంది. 1970 దశకంలో థాయ్‌లాండ్ వ్యాపారులు వీటిని చౌకగా కొని, నీలాలుగా మార్చి అమ్మారు. రాయి శ్రీలంకది, లాభంలో పెద్ద భాగం ఆ పని తెలిసినవారిది. పచ్చల పగుళ్లలో నూనె, కెంపుల పగుళ్లలో గాజు నింపడం కూడా ఉంది. ఇటువంటి మార్పులు చేసిన రాయిని ఆ సంగతి చెప్పే అమ్మాలి.

5. రహస్య బేరం, బహిరంగ వేలం

గనుల వద్ద జరిగే బేరాన్ని కూడా టావెర్నియర్ వర్ణించాడు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ కింద చేతులు కలిపి మాట లేకుండా బేరమాడేవారు. చేయి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద. పక్కన కూర్చున్నవారికి కూడా ధర తెలిసేది కాదు. సమాన జ్ఞానం ఉన్న ఇద్దరు వర్తకులకు ఈ పద్ధతి సరిపోతుంది. ఒకరికే తెలిసినప్పుడు రహస్యం రెండవవారికి చేటు చేస్తుంది.

మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో మరో పద్ధతి ఉంది. అక్కడ సామాన్యులు సుమారు 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల స్థలాన్ని ప్రభుత్వం నుంచి పట్టాకు తీసుకుని తవ్వుకోవచ్చు. దొరికిన వజ్రాన్ని ప్రభుత్వ వజ్రాల కార్యాలయంలో జమ చేయాలి. అధికారులు తూచి, విలువ కట్టి వేలం వేస్తారు. రాయల్టీ, పన్నులు మినహాయించి మిగిలిన సొమ్మును దొరికినవారికి ఇస్తారు. వేలం వరకు ఆగవలసి రావడం అప్పుల్లో ఉన్నవారికి కష్టమే. కాని పలువురు కొనుగోలుదారులు పోటీపడటం వల్ల ధర బయటపడుతుంది.

6. అమ్మేవారికి జాగ్రత్తలు

• నేలలో దొరికిన వజ్రం ఖనిజమే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం దానికి వర్తిస్తుంది. నిబంధనలను గనుల శాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి.
• మీ ఎదుటే ఎలక్ట్రానిక్ త్రాసుపై తూయించి, బరువు రాసుకోవాలి. రాయిని ఫొటో తీయించాలి.
• గుర్తింపు పొందిన పరీక్షాశాల నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. అది రాయి గుణాలను చెబుతుంది; ధరను చెప్పదు.
• కనీసం ముగ్గురు వ్యాపారులను వేర్వేరుగా ధర అడగాలి.
• రశీదు లేకుండా రాయిని ఎవరి వద్దా వదలరాదు. ముంబయి, సూరత్ వ్యాపారులు సైతం సరుకును చూడటానికి ఇచ్చేటప్పుడు ‘జాంగడ్’ అనే చీటీ రాయించుకుంటారు.
• సొమ్మును బ్యాంకు ద్వారా తీసుకోవాలి.
• ‘ఈ రోజే తేల్చాలి’ అని తొందరపెట్టేవారితో బేరం ముగించవద్దు.

సారాంశం

రత్నం విలువ బరువు, రంగు, స్వచ్ఛత, సానలపై ఆధారపడి ఉంటుంది. అమ్మేవారికి దక్కే ధర మాత్రం వారికి ఆ రాయి గురించి ఎంత తెలుసు, ఎందరు కొనుగోలుదారులు పోటీలో ఉన్నారు అనేవాటిపై కూడా ఆధారపడుతుంది. తూకం, ధ్రువపత్రం, పలువురిని ధర అడగడం – ఈ మూడూ కూలి మనిషిని వ్యాపారికి సమఉజ్జీగా నిలబెడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 0.9 గ్రాముల రాయి బరువు ఎన్ని క్యారెట్లు?
2. టావెర్నియర్ చెప్పిన పద్ధతిలో 4 క్యారెట్ల వజ్రం ధర, అదే రకం 2 క్యారెట్ల వజ్రం ధరకు ఎన్ని రెట్లు?
3. పన్నా వేలం పద్ధతిలోని ఒక మేలును, ఒక ఇబ్బందిని రాయండి.

జవాబులు: 1. 4.5 క్యారెట్లు. 2. 4 రెట్లు. 3. పోటీ వల్ల సరైన ధర తెలుస్తుంది. సొమ్ము కోసం వేలం వరకు ఆగాలి.