సరుకు ఒకరిది, బాధ్యత మరొకరిది: గిడ్డంగుల నిర్వహణలో సాధకబాధకాలు

(ప్రత్యేక వ్యాసం)

పండించిన ధాన్యాన్ని కళ్లంలోనే తెగనమ్ముకోకుండా మంచి ధర వచ్చేవరకు నిలుపుకోవాలంటే రైతుకు రెండు సదుపాయాలు అవసరం. సరుకును భద్రపరచుకునే చోటు మొదటిది. ఆ సరుకు మీద అప్పు పుట్టించే కాగితం రెండవది. ఈ రెండింటినీ ఒకేచోట సమకూర్చే వ్యవస్థ గిడ్డంగి. 1954లో వెలువడిన అఖిలభారత గ్రామీణ రుణ పరిశీలన నివేదిక సిఫార్సుల మేరకు 1956లో చట్టం రూపొంది, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడ్డాయి. 2014లో రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు ప్రత్యేకంగా గిడ్డంగుల సంస్థ వచ్చింది. వీటితోపాటు మార్కెట్ కమిటీల గోదాములు, సహకార సంఘాల గోదాములు, గుంటూరు పరిసరాలలోని మిర్చి శీతల గిడ్డంగులు, ఇటీవలి సంవత్సరాలలో హైదరాబాద్ చుట్టూ వెలసిన ప్రైవేటు గోదాములు అన్నీ చేసే పని ఒక్కటే. ఇతరుల సరుకును తీసుకుని, కొంతకాలం కాపాడి, తిరిగి అప్పగించడం.

చెప్పడానికి ఇది సులువుగా కనిపిస్తుంది. తాళం వేసిన పెద్ద షెడ్డు, దానికొక కాపలాదారు ఉంటే చాలునని భావించేవారు నేటికీ ఉన్నారు. అయితే గిడ్డంగి నిర్వాహకుని స్థితి వ్యాపారి స్థితి వంటిది కాదు. వ్యాపారి తన సరుకు పాడైతే తాను నష్టపోతాడు, అంతటితో సరి. గిడ్డంగి నిర్వాహకుడు తనది కాని సరుకుకు జవాబు చెప్పుకోవాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 151వ సెక్షన్ ప్రకారం, సామాన్య వివేకం గల మనిషి తన సొంత సరుకు విషయంలో ఎంత జాగ్రత్త వహిస్తాడో, అప్పగింతగా తీసుకున్న ఇతరుల సరుకు విషయంలోనూ అంత జాగ్రత్త వహించాలి. సరుకు తగ్గినా, చెడినా, తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవలసిన భారం ఆచరణలో నిర్వాహకుని మీదనే పడుతుంది. అందువల్ల గిడ్డంగిలో తలెత్తే వివాదాలలో అధికభాగం, లోపలికి వచ్చినది ఎంత, బయటికి వెళ్ళినది ఎంత అన్న ఒక్క ప్రశ్న దగ్గరకే చేరుకుంటాయి.

కాటా దగ్గరే మొదలు

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. ప్రభుత్వ కొనుగోళ్ళలో ధాన్యానికి అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. ఆ తేమతో 100 క్వింటాళ్ళ ధాన్యం గోదాముకు చేరిందనుకుందాం. అందులో 83 క్వింటాళ్ళు అసలు పదార్థం, 17 క్వింటాళ్ళు నీరు. కొన్ని నెలల నిల్వలో తేమ 14 శాతానికి దిగితే, అదే ధాన్యం సుమారు 96.5 క్వింటాళ్ళే తూగుతుంది. ఒక్క గింజ దొంగతనం కాలేదు, ఒక్క గింజ పురుగు తినలేదు. అయినా మూడున్నర క్వింటాళ్ళు లేవు. 2024-25 సంవత్సరానికి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన తరుగు విలువ 8 వేల రూపాయలు దాటుతుంది. 5 వేల టన్నుల గోదాము మొత్తానికి ఇదే లెక్క కడితే తరుగు 170 టన్నులకు పైమాటే.

దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. వేసవిలో బాగా ఎండి వచ్చిన సరుకు వర్షాకాలంలో గాలిలోని తేమను పీల్చుకుని బరువు పెరగవచ్చు. ఆ పెరుగుదల ఎవరికి చెందాలన్నది మరొక పేచీ. కనుక సరుకు దిగే రోజుననే తేమశాతాన్ని కొలిచి రసీదులో రాయకపోతే ఆరునెలల తరువాత ఇరుపక్షాలూ తమ మాటే నిజమని వాదించడం తప్ప మార్గం ఉండదు. సీజనులో రోజుకు పదుల సంఖ్యలో లారీలు వరుస కట్టినపుడు ప్రతి లాటులోను నమూనా తీసి తేమ, తాలు, మట్టిపెళ్ళలు చూసే ఓపిక సిబ్బందికి ఉండదు. రాత్రి దీపాల వెలుగులో దించిన సరుకు గురించే తరువాత ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయన్నది ఈ రంగంలో ఉన్నవారందరూ అంగీకరించే మాట.

మొక్కజొన్న విషయంలో తేమ బరువు సమస్య మాత్రమే కాదు. 14 శాతానికి మించిన తేమతో బస్తాలకెత్తితే నెట్టు లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. ఆ బూజు వల్ల ఏర్పడే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం కోళ్ళకు హానికరం. తెలుగు రాష్ట్రాలలో మొక్కజొన్నకు ప్రధాన గిరాకీ కోళ్ళ దాణా నుంచే వస్తున్నందున, ఒక తడి లాటును చూసీచూడనట్లు వదిలితే పక్కనున్న మంచి లాట్ల యజమానులు కూడా నష్టపోయే ప్రమాదం ఉంది.

పురుగు, మందు, ఆగిన లారీ

ముక్కపురుగు, పిండిపురుగు, అపరాలను ఆశించే పుచ్చుపురుగు గిడ్డంగులకు నిత్య శత్రువులు. నిర్వాహకుడు ఎంత శుభ్రత పాటించినా, ఒక రైతు ఇంటి నుంచి పాత గోనె సంచిలో వచ్చిన పురుగు మరొక రైతు బస్తాలలోకి పాకుతుంది. ఇతరుల సరుకును ఒకే కప్పు కింద కలిపి ఉంచడంలోని అసలు ఇబ్బంది ఇదే. నివారణకు నెట్టును గాలి చొరని కవరుతో కప్పి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలతో పొగబెడతారు. సాధారణంగా టన్నుకు 3 గ్రాముల బిళ్ళలు మూడు చొప్పున వాడి, 5 నుంచి 7 రోజులు కదపకుండా ఉంచుతారు. వెలువడే ఫాస్ఫీన్ వాయువు మనుషులకు ప్రాణాంతకం. శిక్షణ, అనుమతి ఉన్నవారు తప్ప ఇతరులు ఈ పని చేయరాదు. గడువుకు ముందే కవరు తీస్తే ఎదిగిన పురుగులు చచ్చినా గుడ్లు, కోశస్థ దశలో ఉన్నవి బతికి, మందుకు తట్టుకునే తరం తయారవుతుంది. గోడలకు, నేలకు పిచికారీ చేసే మందులలో ఒకప్పుడు విరివిగా వాడిన డైక్లోర్‌వాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 చివరి నుంచి నిషేధించింది.

కొన్నేళ్ళ క్రితం ఈ వ్యాసకర్త పాత్రికేయ మిత్రులతో కలిసి ఒక గోదామును సందర్శించినపుడు ఎదురైన సంఘటన ఒకటి చెప్పవలసి ఉన్నది. పొగబెట్టి అది మూడవ రోజు. తలుపుల మీద ప్రమాద హెచ్చరిక అంటించి ఉంది. వాకిట ఒక రైతు లారీతో నిలబడి ఉన్నాడు. క్వింటాలుకు వంద రూపాయలు ఎక్కువిచ్చే కొనుగోలుదారు దొరికాడనీ, సాయంత్రానికల్లా మొక్కజొన్న చేర్చకపోతే బేరం పోతుందనీ ఆయన ఆందోళన. "నా సరుకు నాకు ఇవ్వడానికి మీకేమి అభ్యంతరం సార్?" అని ఆయన అడిగిన ప్రశ్నలో అన్యాయం ఏమీ లేదు. తలుపు తీయనని మేనేజరు పట్టుబట్టడంలోనూ అన్యాయం లేదు. లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. పొగబెట్టే తేదీలను సరుకుదారులకు వారం ముందుగా తెలియజేసి ఉంటే ఆ రైతు తన బేరాన్ని ఆ మేరకు కుదుర్చుకునేవాడు. ఆ పని ఆ గోదాములో జరగలేదు.

స్థలం, కూలి

ఖరీఫ్ ధాన్యం, మొక్కజొన్న కొద్ది వారాల తేడాతో వస్తాయి. ఫిబ్రవరి నుంచి మిర్చి, ఏప్రిల్, మే నెలల్లో రబీ ధాన్యం. అప్పుడు అంగుళం చోటు దొరకదు. మిగిలిన నెలల్లో అదే గోదాము సగం ఖాళీగా ఉన్నా కాపలా, విద్యుత్తు, బీమా, మరమ్మతుల ఖర్చు తగ్గదు. భారత ఆహార సంస్థ 2008లో ప్రారంభమైన ప్రైవేటు పెట్టుబడిదారుల హామీ పథకం కింద దీర్ఘకాలిక అద్దె హామీ ఇచ్చినది ఈ భయాన్ని తొలగించడానికే. రద్దీలో చోటు కోసం నెట్ల మధ్య నడవాలను మూసివేయడం తరచుగా జరిగే పొరపాటు. నడవా పోతే తనిఖీ పోతుంది, మందు చల్లే వీలు పోతుంది, వెనుకవైపు పాత సరుకు అక్కడే ఉండిపోయి ముందున్న కొత్త సరుకు బయటికి వెళుతుంది.

హమాలీల విషయం విడిగా చెప్పుకోవాలి. 50 కిలోల బస్తాను తలమీద మోసి నెట్టు పైవరుసకు చేర్చే మనిషి లేనిదే ఏ గిడ్డంగీ నడవదు. దింపుడు, ఎత్తుడు, కాటా, నెట్టు కట్టడం, ప్రతిదానికీ వేరు రేటు ఉంటుంది. ఆ రేట్ల ఒప్పందం గడువు ముగిసి కొత్త ఒప్పందం కుదరని రోజులలో పని ఆగితే లారీల వెయిటింగ్ చార్జీలు సరుకుదారుని మీద పడతాయి. కొక్కేల వాడకం వల్ల సంచులు చిరిగి నేల రాలే గింజలు కూడా తరుగు ఖాతాలోకే వెళతాయి. వాటిని ఊడ్చి, శుభ్రపరచి, అదే లాటుకు తిరిగి చేర్చే పద్ధతి అన్ని చోట్లా అమలు కావడం లేదు.

2017 జూలై 1 నుంచి జీఎస్టీ అమలులోకి వచ్చిన తరువాత మరొక తరహా గిడ్డంగులు పెరిగాయి. అంతకుముందు అంతర్రాష్ట్ర అమ్మకాలపై పడే కేంద్ర అమ్మకపు పన్నును తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికొకటి చొప్పున చిన్న గోదాములు నడిపేవి. ఆ అవసరం తీరినందున కొద్దిపాటి పెద్ద గోదాములకు మారి, వాటి నిర్వహణను బయటి సంస్థలకు అప్పగించడం అధికమైంది. మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు ప్రాంతాలలో ఇటువంటివి కనిపిస్తాయి. ఒక వరుసలో సబ్బులు, ఒక వరుసలో మందులు, మరొక వరుసలో సెల్‌ఫోన్లు. ధాన్యం గోదాములో తేమ చేసే పనిని ఇక్కడ లెక్క చేస్తుంది. ఒకే వస్తువు నాలుగు పరిమాణాలలో వస్తుంది, గడువు తేదీలు వేరువేరుగా ఉంటాయి, సరుకు పంపిన కంపెనీ కంప్యూటరులోని సంఖ్యకు, అరలోని సంఖ్యకు పొంతన కుదరదు. ఆన్‌లైన్ అమ్మకాలలో తిరిగివచ్చే వస్తువులను విప్పి చూసి మంచిదా చెడినదా తేల్చడం కొత్తవాటిని పంపడం కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. దసరా, దీపావళి రోజులలో తాత్కాలిక సిబ్బంది మీద ఆధారపడక తప్పదు, తప్పులు కూడా అప్పుడే ఎక్కువ. ఘాటు వాసన గల మసాలా దినుసుల పక్కన టీపొడి పెట్టరాదని, ఫాస్ఫీన్ తగిలితే రాగి తీగలు, ఎలక్ట్రానిక్ పరికరాలు దెబ్బతింటాయని తెలియని కొత్తవారి వల్ల యజమానికి తెలియకుండానే నష్టం జరిగిపోతుంది.

రసీదు విలువ

ఉమ్మడి రాష్ట్రంలో మార్కెటింగ్ శాఖ నిర్వహించిన రైతుబంధు పథకం కింద మార్కెట్ కమిటీ గోదాములో సరుకు ఉంచి రైతులు తాకట్టు రుణం పొందేవారు. (2018లో తెలంగాణలో పంట పెట్టుబడికి అదే పేరుతో వచ్చిన పథకం వేరు.) ఇటువంటి రుణానికి ఆధారం గోదాములో సరుకు ఉన్నదన్న నమ్మకమే. 2013లో నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిలో సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు నిలిచిపోయినపుడు, రసీదులలో చూపిన సరుకు గోదాములలో లేదన్న ఆరోపణలపై దర్యాప్తులు జరిగాయి. ఇటువంటి ఉదంతాల ఫలితాన్ని నిజాయితీగా నడిచే గిడ్డంగులు కూడా అనుభవిస్తాయి. బ్యాంకులు సందేహిస్తాయి, రైతు మళ్ళీ కళ్లంలోనే అమ్ముకుంటాడు.

2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం 2010లో అమలులోకి రావడంతో నియంత్రణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. అందులో నమోదైన గిడ్డంగులు జారీచేసే బదిలీ చేయదగిన రసీదులు 2017 నుంచి ఎలక్ట్రానిక్ రూపంలో అందుబాటులోకి వచ్చాయి. కాగితం కాకపోవడం వల్ల ఒకే సరుకుపై రెండు బ్యాంకులలో అప్పు తీసుకునే అవకాశం తగ్గింది. కిసాన్ క్రెడిట్ కార్డు గల సన్న, చిన్నకారు రైతులకు ఈ రసీదులపై కోత అనంతరం ఆరునెలల వరకు వడ్డీ రాయితీతో రుణం పొందే వీలు ఉంది. నమోదు కాని గోదాము ఇచ్చే చీటీకి ఈ సౌలభ్యాలు వర్తించవు. కనుక సరుకు దించే ముందే గోదాము నమోదు వివరాలు అడిగి చూసుకోవాలి. బస్తాల సంఖ్య, నికర బరువు, తేమశాతం, గ్రేడు, బీమా రసీదులో నమోదయ్యాయో లేదో అక్కడే సరిచూసుకోవాలి.

రసీదులో ఉండే మరొక వివరాన్ని చాలామంది గమనించరు. అది గ్రేడు చెల్లుబాటు గడువు. ఆ తేదీ తరువాత సరుకు అదే నాణ్యతతో ఉంటుందని గిడ్డంగి హామీ ఇవ్వదు. గడువు సమీపించినపుడు నిర్వాహకుడు నోటీసు ఇస్తాడు. సరుకుదారు స్పందించి సరుకు తీసుకువెళ్ళకపోయినా, గడువు పొడిగించుకోకపోయినా, నిబంధనల ప్రకారం దానిని వేలం వేసే అధికారం నిర్వాహకునికి ఉంటుంది. గిడ్డంగి చార్జీలు, బ్యాంకు బకాయి పోను మిగిలిన సొమ్ము సరుకుదారుకు చెందుతుంది. చిరునామా, ఫోను నంబరు మారినపుడు గిడ్డంగికి, బ్యాంకుకు తెలియజేయనివారికి ఆ నోటీసు చేరదు.