మీకు తెలుసా? కార్డు బిల్లు కట్టామా అన్నదే కాదు, ఎప్పుడు కట్టామన్నదీ లెక్కే!

హైదరాబాద్‌ ఎర్రగడ్డలో అద్దెకుంటూ కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్‌లలో సినిమా పని చేసుకునేవాళ్లకు ఒకటో తారీఖు జీతం ఉండదు. షెడ్యూల్ వాయిదా పడితే డబ్బులూ వాయిదా. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల సమ్మెతో షూటింగులు రెండు వారాలకు పైగా ఆగాయి. క్రెడిట్ కార్డు గడువులు మాత్రం ఆగలేదు. అందుకే ఈ తేదీల మర్మం అందరికన్నా వాళ్లకే ఎక్కువ అక్కరకొస్తుంది.

● గడువులోగా కట్టినా క్రెడిట్ స్కోరు తగ్గొచ్చు!
బిల్లు తయారయ్యేది స్టేట్‌మెంట్ తేదీన, కట్టడానికి ఆఖరి రోజు డ్యూ డేట్. ఓ ఎడిటర్ కార్డు లిమిట్ లక్ష రూపాయలు అనుకుందాం. 3న రూ.80 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాడు. 12న బిల్లు వచ్చింది, డ్యూ డేట్‌కు పైసాతో సహా కట్టేశాడు. వడ్డీ లేదు, ఫైనూ లేదు. కానీ ఈలోపు క్రెడిట్ రిపోర్టుకు ఎక్కింది లిమిట్‌లో 80 శాతం వాడకం. అదే చేతిలో డబ్బుండి 10వ తేదీనే రూ.60 వేలు కట్టి ఉంటే, కనిపించేది 20 శాతమే. వాడకం 30 శాతం లోపుంటే స్కోరుకు మంచిదన్నది నిపుణులు చెప్పే మాట.

● నెలకు కనీసం రెండుసార్లు కబురు
2025 జనవరి 1 నుంచి బ్యాంకులు మన ఖాతాల వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ బ్యూరోలకు పంపాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన తెచ్చింది. మన దేశంలో ఆ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్.

● మూడు రోజుల వెసులుబాటు
డ్యూ డేట్ దాటి మూడు రోజులకు మించితేనే బ్యాంకు ఆలస్య రుసుము వేయాలి, బ్యూరోకు చెప్పాలి. 2022 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లో ఉందీ మాట. అయితే ఆ మూడు రోజులూ దాటాయో, లెక్క డ్యూ డేట్ నుంచే మొదలవుతుంది. పైగా ఇది వడ్డీ మాఫీ కాదు.

● 000 ఉంటే హాయి
రిపోర్టులో నెలనెలా ఒక గడి, అందులో మూడంకెలు ఉంటాయి. 000 అంటే సకాలంలో కట్టినట్టు. 030 అంటే ముప్పై రోజుల ఆలస్యం. ఎక్కువ వాడకం ప్రభావం బాకీ తీరాక చాలావరకు పోతుంది. ఈ అంకె మాత్రం మూడేళ్లపాటు అక్కడే ఉంటుంది. హోమ్‌లోన్‌కు వెళ్లినప్పుడు బ్యాంకువాళ్లు ముందుగా చూసేవాటిలో ఇదొకటి.

● మినిమమ్ కడితే?
ఆలస్యం మచ్చ పడదు. కానీ మిగిలిన బాకీపై వడ్డీ నడుస్తుంది, కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు పోతుంది. షూటింగులు లేని నెలలో పరువు కాపాడుకోవడానికి పనికొచ్చే దారే గానీ, ప్రతి నెలా నడవాల్సింది కాదు.

● బిల్లు తేదీ మార్చుకోవచ్చు
రిజర్వ్ బ్యాంక్ 2024 మార్చి సవరణ ప్రకారం కార్డుదారు కోరితే బిల్లింగ్ సైకిల్‌ను కనీసం ఒక్కసారైనా మార్చుకునే వీలు బ్యాంకు కల్పించాలి. మీకు డబ్బులు ఎక్కువగా నెలలో ఏ వారంలో పడతాయో చూసుకుని, డ్యూ డేట్ ఆ తర్వాత వచ్చేలా అడగండి. ఆఖరి రోజు దాకా ఆగొద్దు, కట్టిన డబ్బు కార్డు ఖాతాలో జమ కావడానికి ఒక్కోసారి ఒకట్రెండు రోజులు పడుతుంది.

● తప్పు పడితే రోజుకు రూ.100
ఒక్కో బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. సకాలంలో కట్టినా ఆలస్యమని పడితే, రశీదు జతచేసి బ్యాంకుకు గానీ బ్యూరోకు గానీ ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు రూ.100 చొప్పున పరిహారం మీ హక్కు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది.