సరమ అప్పగింతలు

మేము విదేశమునకు పోవుచున్నామని తెలిసినది మొదలు మమ్ము చూడవచ్చిన సోదరీమణులు అడుగని ప్రశ్న లేదు. ఇల్లెవరికి అద్దెకిచ్చితిరి, అక్కడ బియ్యము దొరకునా, అమ్మాయి చదువు మాటయేమి, అని అందఱును అడిగిరి. వాకిట పరుండి తలయెత్తి చూచుచున్న కుక్కను గూర్చి మాత్రము ఒక్కరును అడుగలేదు. పొరుగింటి యిల్లాలొకామె వెళ్లుచు వెళ్లుచు, "దీన్ని ఏ సంతలోనో వదిలి రండి, ఎవరో ఒకరు ఇంత ముద్ద వేయకపోరు" అని సలహా చెప్పి పోయెను. ఆమె దయలేనిది కాదు. పండుగనాడు మా కుక్కకు గారెలు తెచ్చి వేసెడిది ఆమెయే. కుక్క వాకిటిదే గాని యింటిది కాదను భావము మనలో అంత గాఢముగ నాటుకొని యున్నది. ఆ సలహా మా చెవిని వీడకుండుటచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది కొల్లేటికి సమీపమున నున్న యొక గ్రామము. మావారు అచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులుగ నుండిరి. 2019వ సంవత్సరమున ఒక వానకాలపు సాయంకాలము ఆయన బడినుండి వచ్చుచు గొడుగు చాటున ఒక కుక్కపిల్లను తెచ్చిరి. ఆడపిల్ల యగుటచే ఎవరో కాలువగట్టున విడిచిపోయిరట. గోధుమవన్నె మేను, పొట్టి వెండ్రుకలు, నుదుట ముడుతలు. ఆ ముడుతలచేత సంసారభారమంతయు తనమీదనే పడినట్లు అది ఎల్లప్పుడు ఆలోచించుచున్నట్లుండెడిది. భారతమున ఆదిపర్వారంభమునందు, తన బిడ్డను అకారణముగ కొట్టిరని జనమేజయుని సభకు పోయి నిలదీసిన దేవశుని పేరు సరమ. ఆ పేరే దీనికి పెట్టితిమి. టైగరనియో రాణియనియో పిలువక ఇదేమి పేరని నవ్వినవారును గలరు.

అది జోనంగి జాతిదని పశువైద్యులు చెప్పిన పిమ్మటనే మాకు తెలిసినది. తెలుగుదేశపు తీరమున, ముఖ్యముగ కొల్లేటి ప్రాంతమున పుట్టి పెరిగిన జాతి యిది. ఇతర కుక్కలవలె మొఱగుట తక్కువ. మెడ యెత్తి రాగము తీయును. నేల త్రవ్వి గుంట చేసికొని అందు చుట్టుకొని పరుండును. మా తులసికోట ప్రక్కనున్న మల్లెపాదు ఈ అలవాటునకు మూడుసార్లు బలియైనది. పూర్వము బాతులమందలను మేపువారు వీనిని వెంట నుంచుకొనెడివారు. పొలములు చేపలచెరువులుగ మారి మందలు తగ్గుటతో ఈ కుక్కలకును పని పోయినది. పని పోయినవానికి పోషణ యెక్కడిది?

2024వ సంవత్సరమున మావారికి మాల్దీవులలో ఉపాధ్యాయపదవి లభించినది. హిందూమహాసముద్రమున సుమారు పండ్రెండువందల చిన్న దీవులతో నున్న దేశమది. జనులు కాపురముండునవి ఇంచుమించు ఇన్నూరు. మన దేశపు ఉపాధ్యాయులు చిరకాలమునుండి అచ్చటి బడులలో పనిచేయుచున్నారు. మామగారి శస్త్రచికిత్సకై చేసిన అప్పు తీరుటకు మాకు వేఱు దారి కానరాలేదు. ఒప్పందముపై సంతకమైన పిమ్మట గాని సరమ మాట మాకు తట్టలేదు. మేము చేసిన మొదటి తప్పిదము ఇదియే. ఆ దేశమునకు కుక్కలను గొనిపోవుట శాసనముచే నిషిద్ధము. రక్షకభటుల యొద్ద వాసన పట్టుటకై పెంచబడునవి తప్ప అచ్చట కుక్కలు లేవు.

ఇతర దేశములకు పోవువారికి ఇంతటి చిక్కు లేదు; గాని సులభమును కాదు. ఐరోపా సమాఖ్య దేశములకు మన కుక్క పోవలెనన్న, చర్మము క్రింద చిన్న గుర్తుబిళ్ల అమర్చి, రేబిస్ టీకా వేయించి, ముప్పది దినములు గడచిన పిదప రక్తపరీక్షకు ఇచ్చి, రక్తము తీసిన నాటినుండి మఱి మూడు నెలలు ఆగవలెను. ఇంగ్లండున 2011వ సంవత్సరాంతము వఱకు మన దేశమునుండి పోయిన కుక్కను ఆఱు నెలలు వేఱుగ నిర్బంధించెడివారు. ఆస్ట్రేలియావారు నేటికిని మన దేశమునుండి నేరుగ కుక్కను రానీయరు. కనుక సోదరీమణులలో ఎవరికైన విదేశయోగ మున్నచో, పెట్టెలు కొనుటకు ముందే పశువైద్యుని యొద్దకు పోవుట మేలు. ఆఱు నెలల వ్యవధియైన నుండవలెను.

తిక్కన సోమయాజి తెనిగించిన మహాప్రస్థానికపర్వము కథను మా అమ్మాయికి మేమే చెప్పియుంటిమి. తమ్ములును ద్రౌపదియు దారిలో పడిపోయినను వెంట నంటివచ్చిన కుక్కను ధర్మరాజు విడువలేదు. అది లేని స్వర్గము తనకు వలదని ఇంద్రునితోనే చెప్పెను. ఒక రాత్రి అన్నము తినుచు ఆ యేడేండ్ల పిల్ల, "అమ్మా, ధర్మరాజు కుక్క కోసం స్వర్గమే వద్దన్నాడు గదా, మనం మాల్దీవులు వద్దనలేమా?" అని అడిగెను. మావారు సగము అన్నములో లేచి చేయి కడుగుకొనిరి. ధర్మరాజునకు వడ్డీ కట్టవలసిన అప్పు లేదను మాట మా నోటివఱకు వచ్చి ఆగిపోయినది.

మొదట మేము చేసిన యేర్పాటును తలచుకొన్న నేటికిని సిగ్గగుచున్నది. ఏలూరున మాకు దగ్గర బంధువులు గలరు. కుక్కలనిన ప్రీతి గలవారు, కలిగినవారు. "మాకివ్వండి వదినా, కళ్లలో పెట్టుకుని చూసుకుంటాం" అని ఆ యిల్లాలు ముచ్చటపడి యడిగెను. ఒక ఆదివారము అమ్మాయి నిద్రపోవు వేళ కనిపెట్టి సరమను గొనిపోయి వారికిచ్చి వచ్చితిమి. పిల్ల లేచి వెదకుకొనగా, జబ్బు చేసి డాక్టరుగారి వద్ద నున్నదని బొంకితిమి.

వారిది మూడవ అంతస్తు. త్రవ్వుకొనుటకు పిడికెడు మన్నులేదు. సరమ నున్నని నేలను గోళ్లతో గీరి గీరి పాదములు పుండు చేసికొన్నది. నాలుగు దినములు అన్నము ముట్టలేదు. రాత్రులందు దాని రాగము విని పైవారు క్రిందివారు వచ్చి తలుపు తట్టిరి. తొమ్మిదవనాడు ఆ యిల్లాలు ఏడ్చుచు ఫోను చేసి తీసికొనిపొమ్మనెను. తప్పు వారిది కాదు. మేము వారి మంచితనమును చూచితిమే గాని సరమకు కావలసినదేమో చూడలేదు. పుట్టినింటినుండి మెట్టినింటికి పోయిన మనకు ఇది తెలియని సంగతి కాదు. పెట్టుచేయి చల్లనిదైనంత మాత్రమున ఆ యిల్లు మనదగునా? పైగా అది నేల త్రవ్వునని, రాత్రి కూయునని, ఒంటరిగ నుండనేరదని ముందుగ వారికి చెప్పనేలేదు. పెండ్లిచూపులనాడు పిల్ల నత్తిని దాచినట్లు దాచితిమి.

పుండ్ల పాదములతో తిరిగివచ్చిన సరమను చూచి అమ్మాయి మాతో రెండు దినములు మాటలాడలేదు. రాత్రి తన జడరిబ్బను ఒక కొన తన మణికట్టునకును, మఱియొక కొన సరమ మెడనున్న తోలుపట్టెకును కట్టుకొని నిద్రించెడిది. ఆ ముడి చూచిన పిమ్మట ఇక పిల్లకు తెలియకుండ ఏమియు చేయరాదని నిశ్చయించుకొంటిమి.

దాళ్వా కోతలు పూర్తియగునప్పటికి ప్రతి సంవత్సరమువలె బాతులతాత మా యూరి పొలములకు మందను తోలుకొనివచ్చెను. రాలిన గింజలకై బాతులు బారులు తీరి నడచుచుండును. సాయంకాలమునకు వల కట్టి అందు తోలుదురు. పాదములు మానిన పిదప ఒకనాడు సరమను అటువైపు తీసికొనిపోయితిమి. అది బాతులపైబడునేమోనని త్రాటిని గట్టిగ పట్టుకొని యుంటిమి. అది చెవులు రిక్కించి, నేలకు వంగి, మంద అంచువెంట మెల్లగ నడచెను. ఒక బాతు బారు తప్పి కాలువవైపు పోగా ముందునకు పోయి అడ్డము నిలిచెను. దానికి ఎవ్వరును నేర్పని విద్య యది. తాత చుట్ట తీసివేసి చూచుచు, "ఇది మా కుక్కేనండి అమ్మగారూ. మా నాన్న దగ్గర ఇలాంటియి రెండుండేయి" అనెను.

ఈసారి లోపములన్నియు ముందే విప్పిచెప్పితిమి. కూయునంటిమి. "కూస్తే మంచిదే గదండి, నక్కలు రావు" అనెను. త్రవ్వునంటిమి. "తవ్వనీండి, చేలో ఎవరడుగుతారు" అనెను. పెరుగన్నముతో పెరిగినదంటిమి. ముసలివాడు పకపక నవ్వి, "చేప రుచి చూసే వరకేనండి" అనెను. ఆ మాట నిజమైనది; మా యింటి యాచారమును అది వారము దినములైన పాటింపలేదు.

ఇచ్చివేయుటకు మూడు వారములు పట్టినది. మొదట సాయంకాలములందు మేమందఱమును పోయి గంటసేపుండి దానిని వెంట తెచ్చుకొనెడివారము. తర్వాత పూటంతయు విడిచితిమి. కడపట ఒక రాత్రి, అది నిత్యము పరుండు మా పాతచీరను తాత మంచము క్రింద పఱచి వచ్చితిమి. అమ్మాయి ఒక నోటుపుస్తకమున సరమ సంగతులన్నియు వ్రాసి తాత కోడలి కిచ్చినది. అందు మొదటి వాక్యము, ఉఱుములకు భయపడి మంచము క్రింద దూరును, బయటకు లాగవద్దు అని. రెండవయేటనే పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయించియుండుటచే, ఆడకుక్క మాకెందుకను మాట వారింట రాలేదు. టీకాల పుస్తకమును ఇచ్చితిమి. 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన పాశ్చరు పండితుడు పిచ్చికుక్క కఱచిన బాలునికి మొదటిసారి టీకా వేయించెను. ఏటేట ఆ దినమున ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగ టీకా వేయుదురు. ఆ తేదీని కోడలు గోడమీది క్యాలెండరున గుర్తుపెట్టుకొనెను.

సంతలో వదలుడన్న మాటకు మేము ఆ పొరుగింటామెతో చెప్పినది ఇది. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము పదునొకండవ విభాగము ననుసరించి, ఆకలిదప్పులకు గురియగునట్లు పెంపుడు జంతువును విడిచిపెట్టుట నేరము. మొదటి తప్పునకు విధించు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవఱకు! ఆ వెలకు నేడు ఒక పూట కూరయైన రాదు. శిక్ష చూచి భయపడువారెవ్వరును లేరు గనుక, ఆ కుక్కకు ఏమగునో చెప్పవలసి వచ్చినది. వీధి వీధికిని ఒక కుక్కలగుంపు గలదు. అవి పరాయిదానిని చేరనీయవు. ఇంట పెరిగినదానికి లారీలను తప్పించుకొనుట తెలియదు. విడిచిన చోటనే నిలుచుండి, పోయిన బండి తిరిగివచ్చునని చూచుచుండును. ఆమె కొంతసేపు ఊరకుండి, "నాకు తెలియదమ్మా" అనెను. అప్పగింతలకు తానును వచ్చెను.

అప్పగింతలనియే మేమందుము. అమ్మాయి స్వయముగ త్రాటిని తాత చేతిలో నుంచి, "తాతా, కొట్టకు" అనెను. "కొడతానా తల్లీ, మా సరమ్మని" అని ఆ ముసలివాడు పేరును తన నోటికి తగినట్లు దిద్దుకొనెను. మేమును మావారును ఏడ్చితిమి, పిల్ల ఏడ్వలేదు. ఇరువది యడుగులు పోయి సరమ ఒకసారి నిలిచి వెనుకకు తిరిగి చూచెను. అంతలో బాతులు కదలెను. అదియు కదలెను.

మేమీ దీవికి వచ్చిన నాలుగు మాసములకు కోడలు ఫోనులో ఒక ఛాయాచిత్రమును పంపెను. ఒళ్లంతయు బురదతో సరమ మంద ముందర నిలిచియున్నది. అమ్మాయి చాలసేపు దానిని చూచి, మెడపట్టె యేదని అడుగుమనెను. అడిగితిమి. తాతయే మాటలాడెను: "బురదలో నాని మెడ ఒరుసుకుంటందని తీసేశానండి. కడిగి చూరులో పెట్టాను. మీరొచ్చినప్పుడు పాప చేతికే ఇస్తాను."