వాడుక వస్తువు - వారసత్వ సంపద: సాలార్‌జంగ్ మ్యూజియం, చండీగఢ్ ఫర్నిచర్

ఉపోద్ఘాతం:
వాడుకలోని కుర్చీ ఏ దశలో వారసత్వ సంపదగా పరిగణన పొందుతుందన్న ప్రశ్నకు హైదరాబాదు పాతబస్తీ, చండీగఢ్ నగరాల అనుభవాలు భిన్నంగా ఉన్నాయి. ఆ రెండింటినీ పరిశీలించి, ఆధునిక ఫర్నిచర్ పరిరక్షణకు చట్టంలో ఉన్న మార్గాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

పాతబస్తీ అనుభవం:
మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరించిన వస్తుసంపద ఆయన మరణానంతరం చెదిరిపోలేదు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. 1968లో ఆ సేకరణ మూసీ దక్షిణ తీరాన ఉన్న ప్రస్తుత భవనానికి తరలింది. ఫ్రాన్స్ రాజు పదహారవ లూయీ టిప్పు సుల్తానుకు బహూకరించాడని ప్రతీతిగల దంతపు కుర్చీలు అందులో ఉన్నాయి. రాజవంశంతో ముడిపడిన వస్తువు కనుక వాటి విలువను ఎవరూ సందేహించలేదు.

చండీగఢ్ అనుభవం:
దేశవిభజనలో లాహోరు పాకిస్తానుకు చెందడంతో పంజాబుకు కొత్త రాజధాని అవసరమైంది. 1951లో లె కార్బూజియే ఆ నగర రూపకల్పన బాధ్యత స్వీకరించాడు. ఆయన బంధువు పియేర్ జన్నరే 1965 వరకు అక్కడే ఉండి నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. కార్యాలయాలకు, గ్రంథాలయాలకు, నివాసాలకు కావలసిన ఫర్నిచరును ఆయన, యూలీ చౌధురి వంటి సహచరులు రూపొందించగా స్థానిక వడ్రంగులు తయారుచేశారు. చెదను తట్టుకొనే టేకు, గాలి ఆడే బేతపు అల్లిక, తలకిందులైన 'వి' ఆకారపు కాళ్లు వాటి ప్రధాన లక్షణాలు.

కాలక్రమంలో విరిగిన కుర్చీలను ప్రభుత్వ శాఖలు తుక్కు కింద వేలం వేశాయి. విదేశీ వర్తకులు వాటిని కొని, బాగుచేయించి, ఐరోపా, అమెరికా వేలంశాలల్లో అధిక ధరలకు విక్రయించారు. ప్రభుత్వ ఆస్తి అని తెలపడానికి గుమాస్తాలు వేయించిన శాఖ పేరు, వరుససంఖ్య నేడు కుర్చీ అసలుదని నిరూపించే ఆధారంగా మారి ధరను పెంచుతున్నాయి.

చట్టపరమైన పరిశీలన:
1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం సాధారణంగా నూరేండ్లు నిండిన వస్తువే పురావస్తువు. చండీగఢ్ కుర్చీలకు ఆ వయస్సు లేదు. 2011లో కేంద్ర హోంశాఖ వాటి విక్రయాలను కట్టడి చేసినా, అప్పటికే దేశం దాటిన వస్తువులు తిరిగిరాలేదు. అయితే అదే చట్టం కళాత్మక విలువగల రచనను, దాని కర్త జీవించి లేనప్పుడు, వయస్సుతో నిమిత్తం లేకుండా 'కళానిధి'గా ప్రకటించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. జన్నరే 1967లోనే మరణించాడు.

ఉపసంహారం:
సాలార్‌జంగ్ సేకరణను కాపాడినది సకాలంలో జరిగిన గుర్తింపు. చండీగఢ్‌లో ఆ గుర్తింపు అంగడి ధర తరువాత వచ్చింది. హైదరాబాదులోని పాత కార్యాలయాల్లో వాడుకలో ఉన్న ఫర్నిచరుకూ ఈ పాఠం వర్తిస్తుంది. తుక్కు జాబితా రాయడానికి ముందే వారసత్వ జాబితా సిద్ధం కావాలి.